బెత్తెడు కోత, గోరంత కోత

మా ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ నడుం ఆపరేషన్లు అయ్యాయి. పెద్దాయన మా బావ, చిన్నాయన నా భర్త. బావకు వెన్ను మీద బెత్తెడు కోత పెట్టి చేశారు. నా భర్తకు గోరంత రంధ్రం చేసి, అందులోంచి చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టం దూర్చి చేశారు. సూరత్‌లో ఈ రెండోదాన్ని దూర్బీన్ ఆపరేషన్ అంటారు. రెంటిలో ఏది మంచిదని అడగడానికి మా గల్లీ వాళ్ళు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. నేనేమీ డాక్టర్ని కాను. మునిసిపాలిటీ వాళ్ళ తెలుగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, చీరలకు లేసు కుట్టేదాన్ని. అయినా రెండు కోతల్నీ దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి అడుగుతారు. జరిగింది జరిగినట్టు చెబితే ఎవరికీ నచ్చదు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

మా రెండు కుటుంబాలూ తెలంగాణ నుంచి సాంచాల పని కోసం వచ్చినవే. మరమగ్గాల్ని మేము సాంచాలంటాం. నేను పుట్టింది ఇక్కడే, పెళ్ళయిందీ ఇక్కడే. ఇల్లు చిన్నదే అయినా రెండంతస్తులు. కింద బావ, అక్క ఉంటారు. అక్క అంటే నా తోడికోడలు. పైన మేము. మధ్యలో ఒక్క మనిషి పట్టేంత ఇనుప మెట్లు.

అన్నదమ్ములిద్దరూ ఒకే సేఠ్ దగ్గర పనిచేసేవాళ్ళు. ఆయనకు ఖటోదరాలో ఒక పాత షెడ్డు, జోల్వాలో ఒక కొత్త షెడ్డు. బావ పాతదాంట్లో, నా భర్త కొత్తదాంట్లో. సాంచా నడపడం అంత బరువు పనేమీ కాదు. బరువంతా బీమ్‌ది. దారం చుట్టిన పొడవాటి ఇనుప రోలరు అది. ఒకటి అయిపోతే ఇంకొకటి తెచ్చి సాంచాకు ఎక్కించాలి. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని, సాంచాల మధ్య ఇరుకు సందులో అడ్డంగా నడుస్తూ మోస్తారు. మోసేవాళ్ళని వేరే పెట్టుకోమంటే సేఠ్ వినడు. నడిపేవాడే మోయాలి.

ఒకరోజు కింద ఒలికిన నూనె మీద బావ జతగాడు కాలు జారాడు. బీమ్ బరువంతా ఒక్కసారిగా బావ మీదికి వచ్చింది. ఆయన దాన్ని వదల్లేదు. వదిలితే జతగాడి కాళ్ళ మీద పడేది. ఆ మంచితనానికి ఫలితం నడుములో దక్కింది.

రెండు నెలలు ఆయన ఎముకలు సరిచేసే పహిల్వాన్ దగ్గరికి తిరిగాడు. పట్టీలు కట్టించుకున్నాడు, నూనెలు రుద్దించుకున్నాడు. గల్లీలో గుజరాతీ వాళ్ళంతా "గాదీ ఖసీ గయీ" అన్నారు, గాదీ పక్కకు జరిగిందని. గాదీ అంటే పరుపు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటిదాన్ని కూడా వాళ్ళు గాదీ అనే అంటారు. బట్టల మార్కెట్లో సేఠ్‌లు ఆనుకుని కూర్చునే తెల్ల పరుపు పేరూ అదే. ఆ గాదీలు జరిగాయని మాత్రం ఎన్నడూ వినలేదు.

ఒక పొద్దున బావ పాలప్యాకెట్టుకని మలుపు దాకా వెళ్ళాడు. ఎడమ కాలి చెప్పు గడప దగ్గరే జారిపోయింది. ఆయనకు తెలియలేదు. ఒంటి చెప్పుతో నడిచిపోతుంటే అక్క రెండో చెప్పు చేతబట్టుకుని వెనకాల పరిగెత్తింది.

"ఓ పిల్లా, మీ బావకు కాలు మొద్దువారింది. చెప్పు పోయింది గూడ ఎరుక లేదు," అని మెట్ల కింద నిలబడి నన్ను కేకేసింది. ఆ రోజే పెద్ద సర్కారు దవాఖానాకు తీసుకెళ్ళాం. కాగితాలు చదవగలనని నన్నూ వెంట తీసుకెళ్ళారు.

అక్కడ మా అదృష్టం కొద్దీ ఒక తెలుగు డాక్టరు దొరికాడు. కుర్రవాడే, కోస్తా వైపు వాడు, పై చదువుకని సూరత్ వచ్చాడట. మా మాట వినగానే ముఖం విప్పారింది. తన అరచేతిని వెన్నులా నిలబెట్టి వేలితో చూపిస్తూ చెప్పాడు.

"రెండు ఎముకల మధ్య చిన్న దిండు లాంటిది ఉంటుందమ్మా. దాని పైతొక్క చిట్లి, లోపలి గుజ్జు బయటికొచ్చి నరం మీద కూర్చుంది. మా పెద్ద సార్లతో కలిసి నేనూ ఉంటాను. కోసి ఆ గుజ్జు తీసేస్తాం. ఈయనకు ఎముక కూడా పెరిగి నరం దారి ఇరుకైంది. కొంచెం ఎముకా చెక్కాలి."

పెద్ద కోతే అయింది. పూర్తిగా మత్తిచ్చి, బోర్లా పడుకోబెట్టి, వెన్ను పక్కన కండరాన్ని ఎముక నుంచి విడదీసి చేశారు. రెండు రోజులు గాయం లోంచి ఎర్రటి నీళ్ళు గొట్టం గుండా సీసాలోకి దిగాయి. వారం తర్వాత ఇంటికి తెచ్చి కింద గదిలో చెక్క మంచం మీద పడుకోబెట్టాం. నెలన్నర ఆయన ఆ మంచం మీదే. కాలి నొప్పి ఆపరేషన్ రోజే పోయింది, కానీ వెన్ను కోత నొప్పికి పక్కకు తిరగాలన్నా కేక పెట్టేవాడు. మల మూత్రాలు అక్కే ఎత్తింది. ఒళ్ళు తుడిచింది. ఒకరోజు మెట్ల మీద కూలబడి, "మీ బావ నడుం అందరు చూడవట్టిరి. నా నడుం ఎవలు చూస్తరే?" అన్నది. నేను నవ్వేశాను. అది నవ్వాల్సిన మాట కాదు.

చూడవచ్చిన వాళ్ళకు మాత్రం కొదువ లేదు. సగం గల్లీ వచ్చింది. వచ్చిన ప్రతివాళ్ళకూ బావ బనీను పైకెత్తి వీపు చూపించేవాడు. కుట్ల గుర్తులతో ఆ మచ్చ వెన్ను మీద జెర్రి పాకినట్టుండేది. చూసిన ఆడవాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకునేవాళ్ళు. సేఠ్ కూడా ఆపిల్ పండ్లు పట్టుకుని స్వయంగా వచ్చాడు. వీపు చూసి "రామ్ రామ్" అన్నాడు. మూడు నెలలు షెడ్డు వైపే రావద్దన్నాడు. ఆ తర్వాత ఖటోదరా ఆఫీసులో బట్ట చెక్ చేసే పనిలో కూర్చోబెట్టాడు. లైటు వేసిన బల్ల మీద బట్ట లాగుతూ పోగు తెగినచోట గుర్తు పెట్టడం, అంతే. బావ మళ్ళీ ఎన్నడూ బీమ్ ముట్టలేదు. కాలి బలం కూడా నిదానంగా తిరిగొచ్చింది. నెలల తరబడి పట్టినా బాగుపడ్డాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

నాలుగేళ్ళకు నా భర్త వంతు వచ్చింది. ఆయన చాలా రోజులు దాచాడు. ఒక మధ్యాహ్నం ఇనుప మెట్ల మీద వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగుతుంటే పట్టుకున్నాను.

"ఏందయ్యా గిట్ల దిగుతున్నవ్?"

"ఏం లేదు. కుడికాలు జర గుంజుతాంది."

"ఎన్ని దినాల నుంచి?"

ఆయన రెయిలింగు పట్టుకుని ఇంకో మెట్టు దిగాడు. మొదటిసారి నడుం స్కానింగు ఫోటోలు తీయించినప్పుడే తేలిపోయింది, అన్నకున్నదే తమ్ముడికీ అని. కానీ ఈయన పెద్ద కోతకు ససేమిరా ఒప్పుకోలేదు. అన్న పక్కకు తిరుగుతూ పెట్టిన కేకలు ఆయన పైనుంచి విన్నాడు. నాకూ ఇష్టం లేదు. నా కారణం వేరు. అక్క చేసిన చాకిరీ నేను చేయలేనని నాకు తెలుసు. నేను లేసు కుట్టకపోతే ఇల్లు సగం ఆగిపోతుంది కూడా.

అప్పటికి ఆ తెలుగు డాక్టరు చదువు ముగించుకుని, దూర్బీన్ పని వేరే నేర్చుకుని వచ్చి, ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడని తెలిసింది. వెళ్ళాం. నన్ను గుర్తుపట్టాడు. "బావగారు ఎలా ఉన్నారమ్మా?" అనే మొదట అడిగాడు. ఖర్చు కోసం నా మెడలోది తీసిచ్చాను, ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను.

ఆయన ఫోటోలు లైటు ముందు పెట్టి చాలాసేపు చూశాడు. "ఈయనకు దూర్బీన్ కుదురుతుంది. గుజ్జు ఒక్కచోటే వచ్చింది, ఎముక పెరగలేదు," అన్నాడు.

"అయితే గదే మంచిది గద సార్, కోసుడు కన్నా?" అని అడిగాను.

ఆయన వెంటనే అవునని ఉంటే నేను సంతోషపడేదాన్ని. అనలేదు.

"లోపల చేసే పని రెండిట్లోనూ ఒకటేనమ్మా. వెళ్ళే దారే వేరు. పెద్ద కోతలో కండరాన్ని విడదీసి వెళతాం. ఇందులో కండరాన్ని కొయ్యకుండా పక్కకు జరుపుకుని వెళతాం. రక్తం తక్కువ పోతుంది, నొప్పి తక్కువ, రేపే ఇంటికి పోవచ్చు. మొదటి నెలలో చాలా తేడా కనిపిస్తుంది. కానీ ఏడాది పోయాక ఈయన్నీ మీ బావగారినీ పక్కపక్కన నిలబెడితే, కాలి నొప్పి విషయంలో పెద్ద తేడా ఏమీ ఉండదు."

"మరి తొందరగ పనికి పోవచ్చు గద?"

"అక్కడే అందరూ పొరబడతారు. లేచి నడవడం వేరు, బరువెత్తడం వేరు. దిండు తొక్కకు పడిన చిరుగు పెద్ద కోతలో ఎంత నెమ్మదిగా మానుతుందో ఇందులోనూ అంతే నెమ్మదిగా మానుతుంది. పైన చిన్నగా కోశామని లోపలిది తొందరగా మానదు. మూడు నెలలు బిందె కూడా ఎత్తనివ్వకండి. వంగి చెప్పు కూడా తీసుకోకూడదు. మళ్ళీ గుజ్జు జారిందంటే మొదటికొస్తుంది."

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, 'మూడు నెలలు' కింద రెండు గీతలు గీశాడు. నేను తలూపాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆయన చెప్పినవాటిలో నా మనసులో నిలబడింది మాత్రం 'రేపే ఇంటికి' అన్న మాటే.

ఆపరేషన్ నా భర్త మెలకువగా ఉండగానే చేశారు, ఆ ఒక్కచోట మాత్రం మత్తు సూది ఇచ్చి. బయటికొచ్చాక చిన్నపిల్లవాడిలా చెప్పాడు. "టీవీల చూపిచ్చిన్రు నాకు. డాక్టరు నడుమ నడుమ బొటనవేలు కదుపుమంటడు, కదిపిన. ఒక్కపారి గుంజిండు సూడు, కాల్ల నిప్పు ఆరినట్టయింది." తీసిన గుజ్జును చిన్న సీసాలో వేసి చూపించారు. నమిలి ఊసిన కొబ్బరిలా ఉంది. ఇంత ముక్క కోసమా మనిషి ఆరు నెలలు కుంటింది అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం ఆటోలో ఇంటికి వచ్చాం. అక్క కింద గదిలో చెక్క మంచం వేసి, దుప్పటి పరిచి, పక్కన బక్కెట్టు కూడా పెట్టి ఉంచింది. నా భర్త ఆ మంచం వైపు చూసి నవ్వి, "వద్దు వదినె," అని రెయిలింగు పట్టుకుని తన కాళ్ళతో తానే పైకి ఎక్కేశాడు. మంచం వేసి ఉంచిన అక్క ముఖంలో ఏం కదిలిందో నేను చూశాను. చూసి లోపల కొంచెం గర్వపడ్డాను. నీ మొగుడు పడుకున్నాడు, నా మొగుడు ఎక్కాడు అన్నట్టు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ గర్వపడ్డాను.

చూడడానికి ఎవరూ రాలేదు. వచ్చిన ఒకరిద్దరు చొక్కా ఎత్తమన్నారు. నడుం పక్కన చిన్న పట్టీ. అది తీశాక, ఒక్క కుట్టు. "గింతనేనా?" అన్నారు. ఒకామె "సూది ఏసిన్రా, ఆపరేషన్ చేసిన్రా?" అని నవ్వింది. అక్క కూడా పదో రోజున, మెట్ల మీద కూరగాయలు తరుగుతూ, "మీ ఆయన అదృష్టం చెల్లె. మా ఆయన బాధంత పడ్డడు, మీ ఆయన సుఖంగ లేచిండు," అన్నది. అందులో అసూయ ఉంది. నాకైతే అది తీపిగానే వినిపించింది.

పన్నెండో రోజు సేఠ్ ఫోన్ చేశాడు. నడుస్తున్నావట కదా, ఎప్పుడొస్తావు అని. నా భర్త డాక్టరు మూడు నెలలన్నాడని చెప్పాడు. అవతల నవ్వు నాకూ వినిపించింది. కాగితం తీసుకుని రమ్మన్నాడు. పదిహేనో రోజున ఇద్దరం ఖటోదరా ఆఫీసుకు వెళ్ళాం. మేము అడగాలనుకున్నది ఒక్కటే, అన్నకు ఇచ్చినట్టే తమ్ముడికీ కొంతకాలం కూర్చునే పని ఇమ్మని.

ఆఫీసు గదిలోనే, అద్దాల కిటికీ దగ్గర, బావ బట్ట చెక్ చేస్తున్నాడు. మమ్మల్ని చూసి తలూపాడు, లేవలేదు. సేఠ్ కాగితం అందుకుని, చదవకుండానే బల్ల మీద బోర్లించి, "దిఖా," అన్నాడు. చూపించమని.

నా భర్త వెనక్కి తిరిగి చొక్కా ఎత్తాడు. సేఠ్ కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. వెతికాడు. నిజంగానే వెతకాల్సి వచ్చింది, అప్పటికే అది మానిపోయి చిన్న గీతలా ఉంది.

"ఇత్నా సా?" అని మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంతేనా అని. తర్వాత కిటికీ వైపు తిరిగి బావను పిలిచాడు. బావ వచ్చి నిలబడ్డాడు. ఆయన్నీ చొక్కా ఎత్తమన్నాడు.

అన్నదమ్ములిద్దరూ ఆ గదిలో పక్కపక్కన, గోడ వైపు ముఖాలు పెట్టి, చొక్కాలు పైకి పట్టుకుని నిలబడ్డారు. లెక్కలు రాసే గుమాస్తా చూస్తున్నాడు. టీ ఇవ్వడానికి వచ్చిన మనిషి చూస్తున్నాడు. నేను చూస్తున్నాను. సేఠ్ పెన్నుతో బావ వీపు మీది జెర్రిని చూపించి గుజరాతీలో, "ఆనే ఆపరేషన్ కహేవాయ్," అన్నాడు. దీన్నంటారు ఆపరేషన్ అని. నా భర్త వీపు మీద ఏమీ చూపించలేదు, చూపించడానికి ఏమీ లేనట్టు చెయ్యి గాలిలో ఊపాడు. అందరూ నవ్వారు.

నేను కాగితం తీసి, వచ్చినంత హిందీలో చదవబోయాను. సేఠ్ చెయ్యి అడ్డం పెట్టాడు. కూర్చునే పని ఒక్కటే ఉంది, అందులో ఇతని అన్న ఉన్నాడు అన్నాడు. సోమవారం నుంచి రాకపోతే సాంచాలు ఇంకొకరికి ఇస్తానన్నాడు.

బావ అప్పటికి చొక్కా దించుకున్నాడు. బీమ్ అంటే ఏమిటో, ఆ చిరుగు అంటే ఏమిటో ఆ గదిలో బాగా తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఒక్క మాట అంటాడని నేను ఆయన ముఖం వైపే చూశాను. ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళి బట్ట లాగడం మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చి నేను అక్క మీద పడ్డాను. "బావ నోరిప్పలేదక్కా. తోడబుట్టినోడు!" అన్నాను. అక్క బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "ఆయన నోరిప్పితే ఆయన కుర్చీ ఉండునా?" అంది. అది నిజమే. ఆ తర్వాత వారం దాకా మా ఇద్దరికీ మాటల్లేవు.

సోమవారం నా భర్త వెళ్ళలేదు. ఆ వారమంతా వెళ్ళలేదు. మూడు వారాలు దాటాయి. సేఠ్ మళ్ళీ ఫోన్ చేశాడు, ఇదే ఆఖరుసారి అన్నాడు. నా భర్త మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు.

"డాక్టరు మూడు నెలలన్నడు గదా," అన్నాడు నాతో.

ఇక్కడ తప్పంతా సేఠ్ మీదా బావ మీదా వేసి ఊరుకోవచ్చు. చాలా రోజులు అలాగే ఊరుకున్నాను. కానీ ఆ రోజు ఆ గదిలో ఉన్నది మేమిద్దరమే. నేను కుట్టు మిషను ఆపి ఆయన వైపు తిరిగాను.

"నడుస్తున్నవ్. మెట్లెక్కుతున్నవ్. మంచిగ తింటున్నవ్. ఏడ నొస్తాందో చెప్పు మరి."

"నొస్తలేదు. గని లోపల..."

"లోపల లోపల అంటే ఎవలకు కనవడ్తది? కనవడని నొప్పికి ఎన్నొద్దులు కూసోవెడ్తరు?"

ఆయన మర్నాడు పొద్దున్నే లేచి టిఫిన్ డబ్బా తానే కడుక్కున్నాడు. జోల్వా వెళ్ళే షేర్ ఆటోలో ఎక్కాడు. నేను పై నుంచి చూశాను. నడుం బెల్టు కట్టుకున్నందుకు నిటారుగా, కొత్త పెళ్ళికొడుకులా నడిచాడు.

మొదటి నాలుగు రోజులు తోటివాళ్ళు దయ తలిచారు. ఆయన సాంచాల బీమ్‌లు వాళ్ళే ఎక్కించారు. ఐదో రోజు, అంటే ఆపరేషన్ అయిన ఇరవై ఏడో రోజు, ఒకడు పనికి రాలేదు. బీమ్ అయిపోయింది. సూపర్‌వైజరు అరిచాడు. నా భర్త ఒక కొస పట్టుకున్నాడు.

పొద్దున పదకొండు గంటలకు ఇద్దరు మనుషులు ఆయన్ని ఆటో వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకొచ్చారు. ఈసారి ఒక్క కాలు కాదు, రెండూ. మెట్లెక్కించడం కుదరక కింద గదిలోనే దించారు. అక్క మాట్లాడకుండా చెక్క మంచం లాగింది. సాయంత్రానికి ఆయన నా చెయ్యి పట్టుకుని, సిగ్గుపడుతూ, చెవిలో చెప్పాడు. "ఉచ్చ వస్తలేదే. పొద్దుగాల నుంచి. కూసున్న జాగల తిమ్మిరి ఉన్నది."

నేను డాక్టరుకు ఫోన్ చేశాను. అంత నెమ్మదిగా మాట్లాడే మనిషి అరిచాడు. "ఒక్క నిమిషం ఆగకండి. పెద్ద సర్కారు దవాఖానా మీకు దగ్గర, అక్కడికే తీసుకెళ్ళండి. నేను వాళ్ళకు ఫోన్ చేస్తాను. ఇక దూర్బీన్ సంగతి మర్చిపోండి, మొత్తం తెరిచే తీయాలి. కింది నరాలన్నీ నొక్కుకుపోతున్నాయి."

బావ కూడా ఆటోలో ఎక్కాడు. స్ట్రెచర్ ఒక చివర ఆయనే పట్టుకోబోతే అక్క ఆయన చెయ్యి లాగేసి తాను పట్టుకుంది.

అలా నా భర్తకు రెండు ఆపరేషన్లూ అయ్యాయి. గోరంతదీ, దాని మీదనే బెత్తెడుదీ. పూర్తి మత్తు, గొట్టం, సీసాలో ఎర్రటి నీళ్ళు. నెలన్నర చెక్క మంచం. పక్కకు తిప్పితే కేక. మూత్రానికి వేసిన గొట్టం నెల పైన ఉంది. నేను చేయలేననుకున్న చాకిరీ అంతా చేశాను. మొదటిరోజు నాకు దుప్పటి కింద నుంచి లాగడం చేతకాక ఏడుస్తుంటే అక్క పక్కన నిలబడింది. "గట్ల గాదు. మోకాలు మడువు, భుజం మీద చెయ్యెయ్యి, నేను ఒకటి రెండు మూడు అంటే దొర్లియ్యి," అని నేర్పింది. రోజూ పొద్దునా సాయంత్రం వచ్చి అవతల వైపు పట్టింది. ఒక్క దెప్పుమాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

ఈసారి చూడడానికి అందరూ వచ్చారు. అరటిపండ్లు, బత్తాయిలు, కొబ్బరిబొండాలు. సూది వేశారా అని నవ్విన ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. సేఠ్ ఆపిల్ పండ్లతో వచ్చాడు. మేము ఏ కాగితమూ చూపించలేదు, ఆయన అడగలేదు. వీపు చూసి "రామ్ రామ్" అన్నాడు. నాలుగు నెలలు విశ్రాంతి తీసుకోమన్నాడు. జోల్వాలో కూడా బట్ట చెక్ చేయడానికి ఒక మనిషి కావాలనుకుంటున్నానని, ఆ కుర్చీ నా భర్తదేనని చెప్పాడు. ఒక్కటే ఉన్న కుర్చీ ఒక్క చూపుకే రెండయింది. ఆయన తెచ్చిన పండ్లు నేను కొయ్యలేదు. మెత్తబడ్డాక పారేశాను.

మూత్రం నిదానంగా సర్దుకుంది, పూర్తిగా కాదు. ఇప్పటికీ ఆయన దూరం వెళ్ళాలంటే ముందు చోటు చూసుకుంటాడు. కుడి పాదం మాత్రం లేవలేదు. బూటు లోపల ప్లాస్టిక్ పట్టీ వేసుకుని, కాలు ఎత్తి ఎత్తి వేస్తూ నడుస్తాడు.

మూడు నెలలయ్యాక డాక్టరుకు చూపించడానికి వెళ్ళాం. ఆయన పాదం కింద వేలితో గీసి చూశాడు, పైకి నెట్టమన్నాడు. పాదం కదల్లేదు.

"ఎన్నో రోజున ఎత్తారు?"

"ఇరవై ఏడో దినం," అన్నాను.

"కాగితం చదవలేదా అమ్మా?"

"చదివిన సార్."

ఆయన పాదాన్ని మెల్లగా కిందికి దించాడు. తర్వాత నా వైపు కాక ఫోటోల వైపు చూస్తూ, "మొదటే పెద్దగా కోసుంటే మీరు పనికి పంపేవాళ్ళు కాదేమో," అన్నాడు. ఆ మాట ఆయన నన్ను తిట్టడానికి అన్నాడా, తనను తాను అనుకున్నాడా నాకు అర్థం కాలేదు. ఆ చిన్న కోత ఆయన ఎంతో కష్టపడి నేర్చుకున్నది. పని బాగా చేశాడు. ఆ పని తప్పు కాదు. పెద్ద కోతా తప్పు కాదు, మా బావ ఇప్పుడు పండగలకు బార్డోలీ ఊరి దాకా బస్సులో నిలబడి వెళ్ళొస్తాడు.

బావ ఒక ఆదివారం మధ్యాహ్నం పైకి వచ్చాడు. మెట్లెక్కి రావడం అరుదు. తమ్ముడి పక్కన కూర్చుని, "తమ్మీ, ఆ దినం నేను నోరు తెరవకపోతి," అన్నాడు. నా భర్త, "పోనీ అన్నా, నువ్వు తెరిచినా వాడు వినకపోవు," అన్నాడు. ఇద్దరూ టీ తాగారు. నా విషయం ఎవరూ ఎత్తలేదు. కనబడని నొప్పికి ఎన్నొద్దులు అని నేనన్న మాట నా భర్త ఈ రోజు వరకూ గుర్తుచేయలేదు. మర్చిపోయాడని నేను అనుకోను.

పోయిన నెలలో వెనక గల్లీ నుంచి ఒకామె వచ్చింది. ఆమె భర్తకూ అదే రోగం, డాక్టర్లు దూర్బీన్ కుదురుతుందన్నారట. ఏది మంచిదని అడిగింది. నేను మిషను ఆపేలోపే మంచం మీది నుంచి నా భర్త జవాబు చెప్పాడు.

"రెండూ మంచియే. మా డాక్టరు రెండూ మంచిగనే చేస్తడు."

"ఎన్ని దినాలకు పనికి పోవచ్చన్నా?"

ఆయన బూటు లోపలి పట్టీ బిగించుకుంటూ, "గది మా ఆమెనడుగు," అన్నాడు. గొంతులో ఏమీ లేదు, కోపం కూడా లేదు.

"మూడు నెలలు," అన్నాను. "బిందె గూడ ఎత్తనియ్యకు."

ఆమె నా వైపు వింతగా చూసింది. "మూడు నెలలా? దూర్బీన్ తోటి చేస్తే గూడానా? రేపే ఇంటికి పంపుతమన్నరు గదక్కా," అన్నది.

ఆమెను కూర్చోమని, నీళ్ళిచ్చి, మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఫోన్ చూసుకుంది. తలూపుతూనే విన్నది.